విశాఖ తీరమున ఉత్సవము: నాటకమునకు చోటు

విశాఖపట్టణపు సముద్రతీరమున 1997లో ఆరంభమైన విశాఖ ఉత్సవము, ఆంధ్రదేశమున పర్యాటక శాఖవారు నడపు వేడుకలలో పేరు గన్నది. అది ఏటేట తప్పక జరిగినది కాదు. నడుమ నడుమ ఆగినది, మరల లేచినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను నగరమును అల్లకల్లోలము చేసిన పిమ్మట నాలుగు మాసములు నిండకముందే, 2015 జనవరిలో, ప్రజల గుండెనిబ్బరమునకై దానిని జరిపిరి. 2019లో డిసెంబరు 28, 29 తేదీలలో రెండు దినములకే ముగించిరి. ఎప్పుడు జరిగినను దాని రూపము ఇంచుమించుగ ఒక్కటే. ముందు జానపద కళాకారుల ఊరేగింపు, పిమ్మట రామకృష్ణా బీచి యొడ్డున వేసిన పెద్ద వేదికపై శాస్త్రీయ నృత్యములు, పెద్దల ఉపన్యాసములు, వానిపై సినీ సంగీత విభావరి, చివరకు బాణసంచా. మఱునాటి వార్తయు జనసంఖ్యతో మొదలై గాయకుల పేర్లతో ముగియును.

ఏ కళ ఆ వేదికపై ఎట్లున్నది, తాను పుట్టిన చోట ఎట్లుండును, ఈ రెంటికి నడుమ ఏమి జారిపోయినది అను ప్రశ్న వేయువారు తక్కువ. ఉత్సవమును చూచి వచ్చిన పిల్లవాడు మఱునాడు తరగతిలో ‘థింసా చూచితిని, తప్పెటగుళ్ళు చూచితిని’ అనును. అతడు చూచినదేమి? ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు సిద్ధముగా ఉండుట మంచిది. ప్రతి కళకును తాను ఆడు చోటు, తాను పట్టు కాలము అని రెండుండును. ఆ రెంటిని తీసివేసినచో మిగులునది వేషము మాత్రమే.

మొదట వేదికను గూర్చి చెప్పవలెను. విశాఖ తీరము పెద్ద దృశ్యములకు పుట్టిన చోటు. ఏటేట నౌకాదళ దినోత్సవ సందర్భమున యుద్ధనౌకలు, హెలికాప్టరులు చేయు విన్యాసమును లక్షల జనము ఒడ్డున నిలిచి చూతురు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగినప్పుడు నానాదేశముల నావికులు ఆ దారినే కవాతు చేసిరి. 2025 జూన్ 21న యోగా దినోత్సవమునకు ప్రధానమంత్రి సమక్షమున మూడు లక్షలకు పైగా జనము ఆ తీరమున చేరిరని లెక్క చెప్పిరి. అచ్చట దూరము, సంఖ్య, మ్రోత—ఈ మూడును రాణించును. మైలు దూరమున నిలిచిన నౌక ఏమి చేయుచున్నదో అందఱికిని కనబడును. కాని పది గజముల దూరమున నటి కనురెప్ప వాల్చినది కనబడదు. సాయంకాలపు గాలి మైకులో దూరి మాటను సగము మ్రింగును. జనము కూర్చుండరు, వేరుసెనగకాయలు కొనుచు, బిడ్డను భుజముపై నెత్తుకొనుచు కదలుచుందురు. దీనిలో జనుల తప్పేమియు లేదు. వారు తిరునాళ్ళకు వచ్చిరి, తిరునాళ్ళలో ఉండవలసినట్లే యున్నారు. తిరునాళ్ళ వేదికపై నిలిచిన ప్రతి కళయు తిరునాళ్ళ కొలతకు కుదించుకొనవలసి వచ్చుటయే ఇచ్చటి చిక్కు.

అందఱిలో తక్కువ నష్టపోవునది తప్పెటగుళ్ళు. ఇది ఉత్తరాంధ్రమున యాదవులు తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిన కళ. గుండ్రని తప్పెటను రొమ్మునకు కట్టుకొని, రెండరచేతులతో దానిని వాయించుచు, కాళ్ళ గజ్జెలు ఘల్లుమన పదునైదు ఇరువది మంది గుండ్రముగా తిరుగుదురు. ముందువాడు పాట నెత్తికొనును, తక్కినవారు అందుకొందురు. పాటలో కృష్ణలీలలుండును, గంగమ్మ కథ యుండును, పశువుల కాపరి బ్రదుకుండును. వాన కొఱకు గంగమ్మను వేడుకొను వేడుకలలో దీనికి చోటున్నది. ఆరుబయట పుట్టిన ఆట గనుక సముద్రపు గాలికి జంకదు. తప్పెట మ్రోతకు మైకు అక్కఱయే లేదు. కాని పది నిమిషముల గడువు ఇచ్చినప్పుడు దళపతి చేయునదేమి? పాట నంతటిని విడిచి, చివర రావలసిన విన్యాసములను ముందునకు తెచ్చును. ఒకరి భుజములపై ఒకరు నిలిచి గోపురము కట్టుట, తలపై కుండ నిలిపి ఆడుట, వీనికే చప్పట్లు పడును. పల్లెలో ఆ గోపురము కథ పతాకస్థాయి నందుకొన్నప్పుడు లేచును. తీరమున కథ లేకయే లేచును. చూచువానికి అది సర్కసు వలె తోచినచో వాని తప్పు కాదు. ఆటగాండ్ర నైపుణ్యము అట్లే యున్నది; దాని కారణము మాత్రము పోయినది.

థింసా సంగతి ఇంతకంటె చిక్కైనది. అరకు లోయలోని గిరిజనుల నృత్యమిది. అరకు 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కావున నేడు విశాఖ తీరమున థింసా ఆడువారు పొరుగు జిల్లానుండి వచ్చిన అతిథులు, అనాదిగా వారు ఈ నగరపు సంతలకు ఎరుకైనవారే యైనను. స్త్రీలు ఒకరి వెనుకనొకరు చేతులు పెనవేసికొని బారుగా నిలిచి, డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల మ్రోతకు అడుగు వేయుదురు. ఈ ఆటలో ప్రేక్షకుడను వాడు లేడు. చూడవచ్చిన చుట్టము కొంత సేపటికి బారులో చేరును. బారు వంకరలు తిరిగి, చుట్టలు చుట్టి, మరల విచ్చుకొనును. దానికి ముందు వెనుకలు లేవు. తీరపు వేదికకో ముందు వెనుకలే ప్రాణము. అందుచే బారు జనమునకు అభిముఖముగా అడ్డగీతవలె నిలుచును. స్త్రీల వీపులపై పెనవేసికొన్న చేతులు, అనగా ఆ నృత్యమున చూడదగిన ముఖ్యమైన పట్టు, వెనుకనున్న సముద్రమునకే కనబడును.

థింసా ఒక్కటి కాదను సంగతియు అచ్చట మఱుగుపడును. బోడ థింసా పెద్దలకు, గ్రామదేవతకు మ్రొక్కుచు ఆడునది. గుండేరి థింసాలో పురుషుడు పాడుచు స్త్రీలను ఆటకు పిలుచును. గొడ్డిబేట థింసాలో ముందునకు వంగి లేచుచు అడుగులు వేయుదురు. బాగ్ థింసా పులి బారినుండి తప్పించుకొనుటను చూపును. కుండ థింసాలో భుజములతో ఒకరినొకరు నెట్టుకొందురు. నాటికారి థింసా ఒంటరి నృత్యము. ఇన్నింటికి పేర్లున్నవి, సమయములున్నవి. చైత్రమాసమున వేట పండుగ నాళ్ళలోను, పెండ్లిండ్లలోను ఆడు ఆటను డిసెంబరు మాసమున ఏడు నిమిషములలో చూపుమనుట, ఉగాది పచ్చడిని దీపావళికి వడ్డించుట వంటిది. ఒకే చీర రంగు, ఒకే అడుగు, ఒకే పాట. దీనితో నగరమున ‘థింసా’ అనగా అతిథులను ఆహ్వానించు ఆట అని అర్థము స్థిరపడుచున్నది. మంత్రులు వచ్చినను, సదస్సులకు విదేశీయులు వచ్చినను విమానాశ్రయము దగ్గఱ అదే బారు. పిలిచినవారు గౌరవముతోనే పిలిచిరి. కాని ద్వారము కడ నిలుపు గౌరవము వేఱు, కూర్చుండబెట్టి వినుట వేఱు.

తూర్పు భాగోతమును గూర్చి ప్రత్యేకముగా చెప్పుకొనవలెను, ఏలనన ఇది నాటకమే. సత్యభామ కథను కూచిపూడివారును ఆడుదురు, తూర్పువారును ఆడుదురు. కూచిపూడి భామాకలాపము ఇరువదవ శతాబ్దమున సభామందిరమునకు అలవాటు పడినది. ప్రవేశదరువును విడదీసి పది నిమిషముల అంశముగా చేయుట నేర్చినది. స్త్రీలు నేర్చిరి, విదేశములకు పోయినది. తూర్పు భాగోతము అట్లు విడివడలేదు. అది రాత్రి భోజనముల వేళ మొదలై తెల్లవాఱు వఱకు సాగునది. దాని ప్రాణము మద్దెలలో నున్నది. సత్యభామ వేషము వేసిన పురుషుడు ఒక మాట యనును. మద్దెలగాడు మాటతో బదులు చెప్పును, మాట చాలనిచోట మ్రోతతో చెప్పును. ఆమె గర్వమును అతడు గిల్లును, ఆమె అలుకను అతడు రెచ్చగొట్టును. ఊరివారి పేర్లు, నిన్నటి సంత ముచ్చట్లు, కరణముగారి పిసినారితనము—అన్నియు ఆ సంవాదములో దూరును. తెల్లవారుజామున సత్యభామ విరహము నిజముగా బరువెక్కును. అప్పటికి ఆమె ఎనిమిది గంటలు నిలిచి ఆడినది, ప్రేక్షకుడు ఎనిమిది గంటలు కూర్చున్నాడు, ఇద్దఱి అలసటయు ఒక్కటై యుండును.

దీనిని తీరపు వేదికపై పెట్టినచో దక్కునది ప్రవేశదరువు, జడ, నగలు. పురుషుడు స్త్రీవేషమున నున్నాడను విడ్డూరము. మద్దెలగాడు వేదిక మూలకు పోవును. అతడు వాద్యగాండ్రలో ఒకడు, పాత్ర కాదు. ఈ ఒక్క మార్పుతో నాటకము నృత్యమై పోయినది. పక్కనే కూచిపూడి అంశమును పెట్టినప్పుడు చూచువాడు రెంటిని పోల్చి, తూర్పువారిది మోటుగా నున్నదని తీర్పు చెప్పును. రెండు ఆటలను ఒకరి కొలతతో కొలిచిన తీర్పది. ఆ రాత్రంతయు విశాఖలో ఒక మూల, రైల్వే క్వార్టర్ల మైదానమునందో, జాలరిపేటలోనో తూర్పు భాగోతమునకు తెల్లవాఱు వఱకు చోటిచ్చినచో, చూచువారు మూడువందల మందియే యైనను, పోలిక న్యాయముగా నుండెడిది.

జముకుల కథ గొంతు ఇంకను సన్నము. కంచము కాదు, డోలు కాదు. ఒక ప్రక్క తోలు మూసి, ఆ తోలు నడుమనుండి తంతి తీసిన గొట్టమువంటి వాద్యమును చంకనిఱికించుకొని తంతిని బిగించుచు సడలించుచు మీటుదురు. గుమ్‌గుమ్మని ఏడ్చినట్లు, నవ్వినట్లు పలుకును. కథకుడు చెప్పును, వంతవారు ‘ఊ’ కొట్టుదురు. ఎల్లమ్మ కథ వంటిది రాత్రులు పట్టును. తీరమున ఈ తంతి పలుకు మైకునకు అందినను గాలికి నిలువదు. హరికథదియు ఇదే గతి. విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) గజ్జె కట్టి ఒంటరిగా నిలిచి కథ చెప్పినప్పుడు సభ గంటల తరబడి కదలలేదని ప్రసిద్ధి. ఆ పరంపర పుట్టిన చోటికి ముప్పది ఐదు మైళ్ళ దూరమున నున్న నగరమున, హరిదాసునకు ‘పదునైదు నిమిషములలో రుక్మిణీకల్యాణము’ అని గడువు పెట్టుట చూచినచో ఆయన ఏమనెడివారో ఊహింపవచ్చును; ఆయన నాలుక పదునైనదని విన్నవారు ఊహింపకుండుటయే మేలు.

ఇంతవఱకు పల్లెనుండియు కొండనుండియు వచ్చిన కళల మాట. నగరము తన సొంతముగా పెంచుకొన్న కళ ఒకటి యున్నది. ఆశ్చర్యకరముగా ప్రధాన వేదికపై దాని జాడయే తక్కువ. అది ఆధునిక నాటకము.

విశాఖ పుట్టుక ఎట్టిదో తలచుకొనినచో ఈ సంగతి తెలియును. 1933లో రేవు తెఱచిరి. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ నౌకానిర్మాణశాలకు పునాది పడినది. 1948 మార్చిలో అచ్చట నిర్మించిన ‘జల ఉష’ను నెహ్రూ నీటిలోనికి వదలెను. ఉద్యోగులు, గుమాస్తాలు, కార్మికులు నలువైపులనుండి వచ్చి చేరిరి. సాయంకాలములందు వారికి కావలసినది జమీందారుల సభ కాదు, తమ మాట తాము వినగల రంగము. వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయము ఆ రంగమును ఇచ్చినది. విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామిగారు 1944 ప్రాంతమున ప్రయోగాత్మక రంగస్థలమును స్థాపించి, కళాశాలల నడుమ నాటిక పోటీలు పెట్టించిరి. ఆవరణలో ఆరుబయలు రంగస్థలము వెలసినది. గ్రంథాలయాధికారియైన కవి అబ్బూరి రామకృష్ణారావుగారు నాటకమును ప్రేమించినవారు. అంతకు ముందు నాటకమనగా పద్యము, రాగము, ‘వన్స్‌మోర్’. వాల్తేరు పోటీలు విద్యార్థిచేత మామూలు గొంతుతో మాటలాడించినవి. కళాశాల పిల్లవాడు దర్శకుడన నేమో, దీపము ఎచ్చట పెట్టవలెనో, మౌనము ఎంతసేపు నిలుపవలెనో నేర్చుకొన్నాడు. అచ్చట చదివిన గొల్లపూడి మారుతీరావుగారు ఆ గాలి పీల్చినవారే. ఆయన ‘కళ్ళు’ నాటకము గ్రుడ్డి బిచ్చగాండ్ర కథ, 1988లో చలనచిత్రమైనది. విశాఖ న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు కోర్టులలో తాము ప్రతిదినము చూచిన దానినే ‘నిజం’ నాటకమున నిలిపిరి. గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాల’ వంటి నాటికలు ఉత్తరాంధ్రపు యాసకు రంగస్థలమున గౌరవము తెచ్చినవి. నౌకానిర్మాణశాలలో పనిచేసిన వంగపండు ప్రసాదరావు (1943–2020) పాటను, గజ్జెను, నాటకమును కలిపి ‘భూమి భాగోతము’ చేసెను. ఆ పేరులోనే తూర్పు భాగోతము వినబడుచున్నది చూడుడు. పల్లె కళను నగరపు కార్మికుడు తన పనికి వాడుకొన్న తీరిది. ఊరేగింపులో ముందు నడిపించి పంపివేయుట కాదు.

ఇట్టి నగరమున కళోత్సవమనగా నాటకము మొదటి వరుసలో నుండవలసినది. లేకపోవుటకు కారణము కుట్ర కాదు. నాటకమునకు గోడలు కావలెను, చీకటి కావలెను, నిశ్శబ్దము కావలెను, గంటన్నర కదలకుండ కూర్చుండు మనుష్యులు కావలెను. తీరమున ఇవి దొరకవు. కళాభారతిలోనో, గురజాడ కళాక్షేత్రములోనో దొరకును. కాని అచ్చట కొన్నివందల మంది మాత్రమే పట్టుదురు. లక్షల జనమును లెక్కించువారికి ఆ సంఖ్య కంటికి ఆనదు. సంఖ్యయే కొలతయైన దినములివి. 2016 డిసెంబరులో విజయవాడలో ఆరువేలకు పైగా నర్తకులు ఒకేమారు కూచిపూడి ఆడి గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. అందఱును సంతోషించిరి. ఆ ఆరువేలలో ఒక్కరి అభినయమైనను ఎవరికైన జ్ఞాపకమున్నదా?

నాటకమువారి తప్పును కప్పిపుచ్చవలసిన పని లేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిననాటినుండి తెలుగు నాటకము పోటీల నీడను పెరిగినది. పోటీ లేనిచో నాటకము చచ్చియుండెడిదను మాట నిజము. పోటీ వలన నాటకము న్యాయనిర్ణేతల వైపు తిరిగి కూర్చున్నదను మాటయు నిజమే. గంటలో ముగియు నాటిక, ఒక మధ్యతరగతి హాలు, ఒక సోఫా, వృద్ధాశ్రమమునకు పంపబడు తండ్రి, చివరి అయిదు నిమిషములలో కన్నీరు, పెద్ద ఉపన్యాసము—ఈ మూసలో ఏటేట పదులకొలది నాటికలు వచ్చుచున్నవి. నటుని గొంతు వినబడనంతగా ముద్రిత సంగీతమును ఊదరగొట్టుదురు. వేదికపై విశాఖ కనబడదు. రేవు కూలి, మత్స్యకారుడు, ఉక్కు కర్మాగారపు కొలిమి వద్ద నిలిచినవాడు, కంపెనీలలో రాత్రి పని చేయు పిల్ల, వీరెవరును ఆ సోఫాలో కూర్చుండరు. 2023 డిసెంబరులో గుంటూరున జరిగిన నంది నాటకోత్సవమున పద్యనాటకము, సాంఘిక నాటకము, సాంఘిక నాటిక, బాలల నాటిక, కళాశాల నాటిక అని విభాగములు పెట్టి పోటీ జరిపిరి. ప్రభుత్వము నాటకమునకు ఇచ్చిన చేయూత కాదనరానిది. అయినను విభాగమునకు, గడువునకు, మార్కులకు వ్రాసిన నాటకము సెలవు దినమున ప్రేక్షకుని ఇంటినుండి రప్పింపలేదు. రప్పింపలేని నాటకమును ఉత్సవము పిలువలేదని వాపోవుటలో కొంత బలహీనత యున్నది.

ఇందుకు భిన్నముగా గోడలు లేకయే బ్రదుకు నాటకమొకటి యున్నది. విద్యార్థులు ఇచ్చట రెండు మాటలను వేఱు చేసికొనవలెను. వీథినాటకమని మన పెద్దలు పిలిచినది భాగవతులు వీథిలో పందిరి వేసి ఆడిన పౌరాణికము. నేటి వీధి నాటిక అట్టిది కాదు. అయిదారుగురు ఒక డప్పుతో కూడలిలో నిలిచి, ఇరువది నిమిషములలో నేటి సమస్యను ఆడి, పోలీసులు వచ్చులోపల వెడలిపోవునది. దీని వెల ఎంతటిదో దేశమునకు 1989లో తెలిసినది: ఆ సంవత్సరము జనవరి 1న ఢిల్లీ శివారున కార్మికవాడలో వీధి నాటిక ఆడుచున్న సఫ్దర్ హష్మీపై దాడి జరిగెను, మఱునాడు అతడు మరణించెను. విశాఖలో ఈ ప్రక్రియకు సహజమైన వస్తువున్నది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని లేచిన ఉద్యమమున ప్రాణములు పోయినవి. 1970 ఏప్రిల్ 17న ప్రకటన వచ్చినది, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది, 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమైనది. 2021 జనవరిలో కేంద్రము దానినుండి పెట్టుబడిని పూర్తిగ ఉపసంహరించుటకు సూత్రప్రాయముగా అంగీకరించగా కార్మికులు మరల వీథికెక్కిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటింపబడినది. అరువది ఏండ్ల కథ. ఇంతకంటె నాటకీయమైన కథ ఈ నగరమునకు మఱొకటి లేదు. ఉత్సవవేదికపై ఉక్కు నగరమను బిరుదు వినబడును, ఉక్కు కథ వినబడదు. పర్యాటక శాఖ ఆ కథను పిలువదు. పిలువవలెనని ఎదురుచూచుటయు అమాయకత్వమే. అతిథికి ఇల్లు చూపునప్పుడు ఎవరును అప్పుపత్రములు చూపరు.

అందుచేతనే పర్యాటకమునకు జరుపు వేడుక, కళకు జరుపు వేడుక అను రెంటిని ఒకే పేరుతో పిలుచుట మానవలెను. మొదటిది చెడ్డది కాదు. పల్లెనుండి వచ్చిన దళమునకు దారిబత్తెము, పారితోషికము దొరకును. నగరపు పిల్లవాడు జన్మలో ఒక్కమారైనను తప్పెట మ్రోతను చెవులార వినును. హుద్‌హుద్ తరువాత ఆ దీపములు వెలిగినప్పుడు నగరమునకు కలిగిన ధైర్యమును తక్కువ చేయరాదు. కాని రెండవది వేఱుగా నుండవలెను. ఇతర దేశముల మాట చూచినచో, 1947లో ఎడింబరోలో పెద్ద కళోత్సవము మొదలైనప్పుడు ఎవరును పిలువని ఎనిమిది నాటకసమాజములు వచ్చి, దొరికిన చిన్న చిన్న చోట్లలో తమ నాటకములను ఆడుకొన్నవి. నేడు ‘ఫ్రింజ్’ అను పేర ఆ పిలువని పేరంటము అసలు ఉత్సవమును మించినది. చర్చి గదులు, మద్యశాలల మేడలు, తరగతి గదులు, అన్నియు రంగస్థలములే. నలుబది మంది పట్టు గదిలోనైనను నాటకము ఆడును, చీటి కొని చూతురు. అంత దూరము పోనక్కఱ లేదు. కేరళమున రాజధాని కాని త్రిశూరులో సంగీత నాటక అకాడమీ 2008నుండి అంతర్జాతీయ నాటకోత్సవము నడుపుచున్నది. అచ్చటి జనము మలయాళము కాని నాటకమును సైతము వరుసలో నిలిచి చూతురు. రేవు, విశ్వవిద్యాలయము, రంగస్థల కళల శాఖ, ఆరుబయలు రంగస్థలము, నాటకము వ్రాసినవారి పరంపర—త్రిశూరునకు తక్కువ కానిది విశాఖ.

విశాఖకు లేనిది చీటి కొని కూర్చుండు అలవాటు. ఆ అలవాటు పదునైదవ యేటికి లోపల పట్టుబడవలెను, ముప్పదవ యేట పట్టుబడదు. బాధ్యత ఇచ్చట పాఠశాలవైపు తిరుగుచున్నది. పాఠశాల వార్షికోత్సవమును చూడుడు. నాలుగు నిమిషముల సినిమా పాట, ముద్రిత సంగీతము, అద్దె దుస్తులు, ముప్పది మంది పిల్లలు ఒకే అడుగు. ఒక తరగతి తరువాత ఒక తరగతి. తీరపు వేదికకు అది చిన్న నకలు. తల్లిదండ్రులు తమ బిడ్డను ఫోనులో బంధించుకొని ఇల్లు చేరుదురు. ఆ పిల్లలలో ఒక్కడైనను వేదికపై ఒక వాక్యము పలికినాడా? ఒకప్పుడు ప్రతి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు ఏటికొక నాటిక ఆడించెడివాడు. వేషములు అరువు తెచ్చిరి, మీసము ఊడిపోయినది, తెర మధ్యలో చిక్కుకొన్నది, అందఱును నవ్విరి. అయినను కన్యాశుల్కములోని వెంకటేశము వేసిన కుఱ్ఱడు గిరీశమునకు ఎదురు నిలిచి పలుకుట నేర్చుకొన్నాడు. 1892లో విజయనగరమున మొదట ఆడిన ఆ నాటకమును పాఠముగా చదివించుచు, ఒక్క సన్నివేశమునైనను ఆడించకుండుట, ఈత శాస్త్రమును నల్లబల్లపై బోధించుటయే యగును.

జముకుల కథ చెప్పువారిని పాఠశాలకు పిలిపించుట కష్టమైన పని కాదు. వారికి మైకు అక్కఱలేదు, వేదిక అక్కఱలేదు, రంగుదీపములు అసలే వలదు. ఒక తరగతి గది, ఒక చాప, నలుబది మంది పిల్లలు, వరుసగా మూడు పీరియడ్లు చాలును. మొదటి పీరియడు పిల్లలు నవ్వుదురు. ఆ వాద్యపు పలుకు మొదట అట్లే వినబడును. రెండవదానిలో వంతవారితో తామును ‘ఊ’ కొట్టుదురు. మూడవది ముగియునప్పటికి కథ సగమునకు వచ్చియుండును. మిగిలిన సగమునకు మఱొక దినము నిర్ణయించి, దారిబత్తెముతో పాటు పారితోషికమును ముందే చేతిలో పెట్టి పంపవలెను.